కొలిచి చేసిన కుర్చీ

ఆ ఆదివారం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేచి కుర్చీకి చివరిసారి గరుకు కాగితం పట్టాలి. పది గంటలకు మామగారు వస్తారు. కూర్చుంటారు. బాగుందంటారు. ఆ ఒక్క మాటతో పెరట్లోని రేకుల షెడ్డు శాశ్వతంగా దర్జీది అయిపోతుంది.

షెడ్డు గొడవ ఆర్నెల్లుగా నడుస్తోంది. వారమంతా బట్టలు కుట్టీ కుట్టీ విసిగిపోయిన దర్జీకి ఉన్నట్టుండి చెక్కపని మీద మనసు పోయింది. పాత సామాన్లు పారేసి షెడ్డులో ఒక బల్ల వేసుకున్నాడు. గోడకు మేకులు కొట్టి రంపం, ఉలి, సుత్తి వేలాడదీశాడు. ఏది ఎక్కడుండాలో తెలిసేలా బట్టల మీద గీసే సుద్దతో వాటి చుట్టూ గీతలు గీశాడు. గీతలు చూడముచ్చటగా వచ్చాయి. చేసిన వస్తువుల సంగతి వేరు. మొదట చేసిన పీట మూడు కాళ్ళ మీద నిలబడేది, నాలుగోది ఊరికే అందానికి ఉండేది. తర్వాత చేసిన అరలో ఏది పెట్టినా ఎడమవైపుకు దొర్లిపోయేది.

భార్యకు ఆ షెడ్డు కావాలి. ఆమె ఎనిమిది మంది ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతోంది. ఇంటి ముందుగదిలో మిషన్లు ఎంత దగ్గరగా ఉండేవంటే, ఒక పిల్ల కుట్టే లంగా అంచు పక్క పిల్ల కుట్టే జేబుకు కలిసిపోయేది. చివరికి ఆమే ఒక పందెం పెట్టింది.

"మా నాన్న వచ్చి చూస్తారు. మనిషి కూర్చోగలిగే వస్తువు ఒక్కటి చేశారని ఆయనంటే షెడ్డు మీది. లేదంటే సోమవారం నుంచి నా మిషన్లు అక్కడ."

మామగారు తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. గింజంత తేడా ఉన్నా తక్కెడలు జప్తు చేసినవారు. ఆయన్ని మెప్పించడమెలాగా అని దర్జీ రెండు రోజులు ఆలోచించి, తనకు తెలిసిన దారినే వెళ్ళాడు. దుకాణంలో కొలతల పుస్తకం తీసి మామగారి పేజీ తెరిచాడు. ఆ వారమే ఆయన ప్యాంటుకు కొలతలివ్వడానికి వచ్చినప్పుడు, వెనక నుంచి తుంటి దగ్గర అడ్డంగా టేపు పెట్టి ఒక కొలత ఎక్కువ తీసుకున్నాడు. ఇదెందుకని మామగారు అడిగితే కొత్త ఫ్యాషనని చెప్పాడు. ఆ కొలతకు సరిగ్గా సరిపోయేలా, రెండు చేతులున్న కుర్చీని మూడు వారాలు కష్టపడి చేశాడు.

పదింటికి మామగారు షెడ్డుకు వచ్చారు. జేబులోంచి ఇనుప స్కేలు తీసి కుర్చీ నాలుగు కాళ్ళూ కొలిచారు. పట్టుకుని ఊపి చూశారు. కుర్చీ కదల్లేదు. అప్పుడు కూర్చున్నారు. కూర్చోవడం పూర్తయ్యేటప్పుడు చిన్న శబ్దం వచ్చింది, సీసాకు బిరడా బిగించినప్పుడు వచ్చేలాంటిది.

ఎలా ఉందని దర్జీ అడిగితే, గట్టిగా ఉందన్నారు. ఆ మాట అక్షరాలా నిజం.

దర్జీ సంతోషంతో ఇంట్లోకి పరుగెత్తాడు. మామగారు కాఫీకి వెళదామని లేచారు. ఆయనతోపాటు కుర్చీ కూడా లేచింది. మళ్ళీ కూర్చున్నారు. పొట్ట లోపలికి పీల్చి లేచారు. కుర్చీ వదల్లేదు. పక్కకు తిరిగి ప్రయత్నిస్తే ఆయనా కుర్చీ కలిసి తిరిగారు. నిలబడ్డ మనిషి కూర్చుంటే రెండు పక్కలకూ కాస్త పరుచుకుంటాడని ఏ వడ్రంగినడిగినా చెప్పేవాడు. దర్జీ ఎవరినీ అడగలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళెవరూ ఏనాడూ కూర్చుని కొలతలివ్వలేదు మరి.

అరిస్తే నలుగురూ వస్తారు. కానీ ఊరంతటి కొలతలూ సరిచేసిన మనిషి ఒక కొలతలో ఇరుక్కున్నాడని తెలిస్తే ఇంకేమైనా ఉందా? మామగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాఫీకి పిలవడానికి వచ్చిన అల్లుడితో ఇక్కడే కాసేపు కూర్చుంటానని చెప్పారు.

దర్జీకి భూమి మీద కాలు నిలవలేదు. "ఆయన లేవనంటున్నారు. అంత నచ్చింది," అని భార్యతో చెప్పాడు. ఆమె నమ్మలేదు. కాఫీ తీసుకుని తనే వెళ్ళింది. కాఫీ వద్దన్నారు తండ్రి. జ్వరమొచ్చిన రోజున కూడా రెండు కప్పులు తాగిన మనిషి. తాగింది కాసేపటికి ఎక్కడికో ఒకచోటికి దారి చూపించమంటుందనీ, అక్కడికి కుర్చీతో సహా వెళ్ళడం కుదరదనీ ఆయన బాధ. కూతురికి అది తెలియదు. ఒంటిగంటకు అన్నం తీసుకెళితే అదీ వద్దన్నారు. తన మీద కోపమొచ్చిందనుకుంది ఆమె.

పక్కింటి పిన్నిగారికి గోడవతల జరిగేవన్నీ తన ఇంట్లో జరిగినట్టే లెక్క. వీధిలో అందరూ ఆమెను వార్తల పిన్ని అంటారు. గోడ మీంచి తొంగిచూసి సంగతేమిటని అడిగింది.

"కాఫీ వద్దంటున్నారు, అన్నం వద్దంటున్నారు, లేవమంటే లేవరు పిన్నిగారూ."

"ఇందులో తెలియనిదేముందే పిచ్చిదానా. నిరాహార దీక్ష. అల్లుడి షెడ్డు నువ్వు లాక్కుంటున్నావని కూర్చున్నారు పెద్దాయన."

రెండింటికల్లా వీధి రెండుగా చీలిపోయింది. ఇంట్లో తమకంటూ ఒక మూల కూడా లేని మగవాళ్ళు షెడ్డు ముందు చేరి, మగాడికి ఆ మాత్రం చోటుండొద్దా అన్నారు. కుట్టు నేర్చుకునే పిల్లల తల్లులు ఎదురుగా నిలబడి, మీ మూల కోసం మా పిల్లల చదువు ఆపాలా అన్నారు. ఎవరో టేబులు ఫ్యాను తెచ్చి మామగారి వైపు తిప్పారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. దాంతో దీక్షకు మరింత గౌరవం పెరిగింది.

మూడింటికి కూతురు దిగివచ్చింది.

"సరే నాన్నా. షెడ్డు ఆయనకే. ఇక లేవండి."

మామగారు లేవలేదు. ముందుగదిలో సగం కూడా ఆయనకే ఇస్తానంది కూతురు. అప్పుడూ లేవలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"క్లాసే మానేస్తాను. పిల్లల్ని రేపట్నుంచి రావద్దంటాను. మీరు ముందు ఒక ముద్ద తినండి నాన్నా."

ఆ మాటకు పెద్దాయన గుండె కలుక్కుమంది. అందర్నీ బయటికి పొమ్మని, అల్లుడిని ఒక్కడినే ఉండమన్నారు. తలుపు వేయించారు.

"అల్లుడుగారూ, ఆ రంపం ఇలా తీసుకురండి. ఈ కుర్చీ చెయ్యి కోసెయ్యాలి."

దర్జీ కొయ్యబారిపోయాడు. "మూడు వారాల పని మామయ్యగారూ. ఒక్కసారి ఊపిరి వదిలి చూడండి."

"పొద్దుట్నుంచీ అదే చేస్తున్నాను. కొయ్యండి. కూర్చునే మనిషిని కూర్చోబెట్టి కొలవాలని కూడా తెలియదా మీకు?"

దర్జీకి అప్పుడు సంగతంతా అర్థమైంది. తన జీవితంలో కదలకుండా నిలబడ్డ ఒకే ఒక్క వస్తువు మీద తనే రంపం పెట్టాడు. బయట జనం ఆ చప్పుడు విన్నారు.

"రాజీ కుదిరింది. ఒప్పందం రాసుకుంటున్నారు," అంది పిన్నిగారు.

"రంపంతోనా?" అంది దర్జీ భార్య.

తలుపు తెరుచుకుంది. మామగారు తిమ్మిరెక్కిన కాళ్ళతో, దండాలు పెడుతున్నవాళ్ళను పట్టించుకోకుండా, పెరడు దాటి తిన్నగా బాత్రూముకు వెళ్ళారు. తిరిగొచ్చి వరసగా మూడు కప్పుల కాఫీ తాగారు. ఈలోగా జనం ఒంటిచేతి కుర్చీని చూశారు. ఇదేమిటి నాన్నా అని కూతురు అడిగింది.

మామగారు కప్పు కింద పెట్టారు. కుర్చీ గట్టిగా ఉందని, అల్లుడుగారు పందెం గెలిచారని నలుగురిలో ప్రకటించారు. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఒక చెయ్యి తనే తీసేసి అల్లుడుగారు నాకు మాటిచ్చారు. ఇకమీదట చెక్కపని జోలికి వెళ్ళరట. షెడ్డు సంతోషంగా మా అమ్మాయి క్లాసుకే ఇచ్చేస్తారట. అంతే కదా అల్లుడుగారూ?"

ఆ మాట దర్జీ కూడా అప్పుడే మొదటిసారి విన్నాడు. కాదంటే చెయ్యి ఎందుకు కోశాడో చెప్పాలి. అది చెబితే కుర్చీ పరువూ పోతుంది, తన పరువూ పోతుంది. "అంతే మామయ్యగారూ," అన్నాడు.

సోమవారం పొద్దున మొదటి మిషను షెడ్డు గుమ్మం దగ్గరికి చేరేసరికి పిన్నిగారు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. దాని మీద ఆమె భర్త కొలతలున్నాయి. ఆదివారం పొద్దున పేపరు కొనుక్కొస్తానని బయల్దేరి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరే మనిషి ఆయన.

"మా ఆయనకి ఇలాంటి కుర్చీ ఒకటి చేయించమ్మాయ్. రెండు చేతులతో."

మా ఆయన చెక్కపని మానేశారు కదా అంది దర్జీ భార్య.

"నిన్న నేను గోడ మీంచి మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాను," అంది పిన్నిగారు గొంతు తగ్గించి. "దీక్ష సంగతి సరే. ఒక మగమనిషి అయిదు గంటలపాటు చెప్పిన చోట కదలకుండా కూర్చోవడం ఈ వీధిలో ఎప్పుడైనా చూశామా?"

ఆమె వెనకే కుట్టు నేర్చుకునే పిల్లల తల్లులు ఆరుగురు ఉన్నారు. అందరి చేతుల్లోనూ కాగితాలే. కుర్చీ లేకపోతే పిల్లల్ని క్లాసుకు పంపడం కష్టమని వాళ్ళు మెత్తగా చెప్పారు. దర్జీ భార్య కాసేపు ఆలోచించి, మిషనును మళ్ళీ ముందుగదిలోకి మోయించి, షెడ్డు తాళంచెవి మొగుడి చేతిలో పెట్టింది.

దర్జీ కాగితాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. ఏడుగురు భర్తలకూ కొలతలు నిలబెట్టే తీశారు.