ఏడుపు లేని మండలం

బాలల దినోత్సవం నాటికి ఎర్రకొట్టాలను 'ఏడుపు లేని మండలం'గా ప్రకటిస్తామని మంత్రిగారు మా హైస్కూలు మైదానంలో సెలవిచ్చారు. గుడిసెలు లేని మండలాలు చూశామనీ, చెంబు పట్టుకుని బయటికి పోనక్కర్లేని మండలాలు చూశామనీ, పిల్లల గుండెల్లోకి ప్రభుత్వం అడుగు పెట్టడం మాత్రం ఇదే మొదలనీ అన్నారు. ఎండలో నిలబడిన పిల్లల్లో ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారు. సంతోషం పట్టలేకనే అని మర్నాడు పేపర్లో వచ్చింది.

బడి గేటు ఎదురుగా ఉండే జిరాక్సు, ఫ్లెక్సీల షాపు నాది. అందుకే ఈ మహత్కార్యాన్ని ఆసాంతం చూసే భాగ్యం నాకు దక్కింది.

పథకం పేరు సోషల్ అండ్ ఎమోషనల్ లెర్నింగ్, అంటే మనసుల చదువు. గేటు దగ్గర ఒక ట్యాబ్ పెట్టారు. అందులో నవ్వు నుంచి ఏడుపు దాకా ఐదు పసుపుపచ్చ ముఖాలు. బడికొచ్చే ప్రతి బిడ్డా తన పేరు కొట్టి, మనసెలా ఉందో ఆ ముఖం నొక్కి లోపలికి పోవాలి. ఏడుపు నొక్కినవాళ్ళను పీఈటీ సారు మైదానం చుట్టూ పరిగెత్తించి హుషారు చేస్తారు. వారం తిరిగేసరికి మండలంలో మిగతా బడులన్నీ నవ్వేశాయి; మా బడిలో మూడు వందల పన్నెండు మందిలో మూడు వందల పదకొండు మంది నవ్వుతున్నారు.

మిగిలింది ఎనిమిదో తరగతి శిరీన్. ఏడుపు నొక్కి, నాలుగు చుట్లు పరిగెత్తి వచ్చేది. మర్నాడు మళ్ళీ ఏడుపే.

మండల విద్యాధికారి వీరభద్ర గారు ఇలాంటి వాటికి జంకే మనిషి కాదు. కర్నూలు నుంచి నవ్వుల నిపుణుణ్ణి రప్పించారు. శిరీన్ కడుపు పట్టుకుని నవ్వి, పొద్దున్నే ఏడుపు నొక్కింది. లడ్డూ ఇప్పించారు. తినేసి, థ్యాంక్స్ చెప్పి, ఏడుపు నొక్కింది. ముఖాలు సరిగ్గా కనబడటం లేదేమోనని కంటి పరీక్ష చేయించారు. చూపు దివ్యంగా ఉంది. చివరికి తల్లి దౌలత్ బీని పిలిపించారు. ఇంట్లో బాగానే ఉంటుందని ఆమె చెప్పింది.

కారణం మాత్రం ఎవరూ అడగలేదు. ట్యాబ్‌లో ఆ గడి లేదు. పెన్ను కొనడానికి షాపుకొచ్చినప్పుడు నేనే అడిగాను.

"రమణి టీచర్ యాడికి పోయిందన్నా?" అంది శిరీన్.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. రమణి టీచర్ రోజూ చివరి పీరియడ్‌లో పుస్తకం మూసి, ఈ పొద్దు ఎవరికేమైందో చెప్పమనేది. కొట్టుకున్నవాళ్ళు చెప్పేవాళ్ళు, తిట్లు తిన్నవాళ్ళు చెప్పేవాళ్ళు. ఏడ్చేవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఆ అనుభవం చూసే ఆమెను పథకానికి నోడల్ ఆఫీసరును చేసి మండల ఆఫీసులో కూర్చోబెట్టారు. బడి తర్వాత బడి ముఖాలు లెక్కబెట్టి పైకి పంపడం ఆమె పని.

"టీచరమ్మ వస్తే నవ్వేది నొక్కుతా. అబద్ధం నొక్కొద్దని ఆమే చెప్పిండాది" అంది.

ఈ మాట వీరభద్ర గారికి చేరవేశాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఆయమ్మ బడికి పోతే ముఖాలు ఎవరు లెక్కబెట్టాలప్పా?"

దారి హెడ్మాస్టర్ గాబ్రియేలు గారు చూపించారు. పదో తరగతిలో పదకొండేళ్ళుగా నూటికి నూరు శాతం ఫలితాలు తెచ్చిన బడి ఆయనది. తప్పుతారనుకున్న పిల్లలకు పరీక్ష ఫీజు గడువుకు ముందే టీసీ ఇచ్చి పంపడం ఆయన పద్ధతి. ఆ అనుభవంతోనే శిరీన్ టీసీ రాశారు. ఎనిమిది కిలోమీటర్ల అవతల దిగువపల్లె బడి. పక్క మండలం, ట్యాబ్ లేదు. అక్కడ ఎంతైనా ఏడవచ్చు.

"మా పాప ఏం తప్పు చేసిండాది సార్?" అని అడిగింది దౌలత్ బీ.

గాబ్రియేలు గారు తల ఎత్తకుండా సంతకం చోటు చూపించారు. శిరీన్ సంచి భుజాన వేసుకుని వెళ్తూ, అలవాటు కొద్దీ గేటు దగ్గర ఆగింది. ట్యాబ్ ఆమె పేరు తీసుకోలేదు.

మర్నాడు మండలం నూటికి నూరు.

బాలల దినోత్సవం సభ ఫ్లెక్సీకి సహజంగా నవ్వే పిల్ల ఫొటో కావాలన్నారు. ట్యాబ్ వచ్చాక తీసినవాటిలో ఒక్కటీ కుదరలేదు. రమణి టీచర్ క్లాసు పాత ఫొటోలో ఒక పిల్ల పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. కోసి, పెద్దది చేసి వేశాను. మంత్రిగారు ఆ నవ్వు చూపించి పావుగంట మాట్లాడారు. అది శిరీన్ అని వేదిక మీద ఎవరూ గుర్తుపట్టలేదు. కింద కూర్చున్న మూడు వందల పదకొండు మందీ గుర్తుపట్టారు.

సభలోనే మంత్రిగారు మరో సంస్కరణ ప్రకటించారు. ఏడుపే లేని మండలంలో ఏడుపు వినే టీచరు మిగులు కనుక, రమణి టీచర్‌ను అవసరమున్న చోటికి బదిలీ చేశారు. అవసరమున్న చోటు దిగువపల్లె.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పిల్లలు వరసగా వచ్చి ట్యాబ్ నొక్కి లోపలికి పోయారు. పీఈటీ సారు మొదటి ఇరవై మందిని పరిగెత్తించి, తర్వాత విజిల్ జేబులో పెట్టుకుని గోడ నీడన కూర్చున్నారు. నవ్వు ముఖం ఆ రోజు ఎవరూ తాకలేదు.

తొమ్మిదిన్నరకు గాబ్రియేలు గారు రోడ్డు దాటి వచ్చి, ఖాళీ టీసీ ఫారం నా మిషన్ మీద పెట్టారు.

"మూడు వందల పన్నెండు కాపీలు కొట్టప్పా."

"శిరీన్ పోయింది కద సార్. పిల్లోళ్ళు మూడు వందల పదకొండే."

"యాడికి పోయిందప్పా? నువ్వు కొట్టు" అన్నారాయన, గేటు మీద నేను కట్టిన ఫ్లెక్సీలోని నవ్వు వైపు చూస్తూ.