నిమ్మకాయకు మొహం తిప్పిన పిల్లి

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు, సూర్యాపేటకూ మిర్యాలగూడకూ నడుమనున్న ఒక కచేరీలో పరిపాలన కొంతకాలం పిల్లి చేతికి వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. అంతకుముందు ఎవరెవరి చేతుల్లో ఉండేదో మనమెరుగుదుం.

కొత్త అధికారి ఎప్పుడూ క్యాంపులోనే ఉండేవాడు. ఆయన కుర్చీలో ఆయన పిల్లి పడుకునేది. పెద్దల దగ్గరికి వట్టిచేతులతో పోరాదు గనుక నిమ్మకాయతో వచ్చిన జనం, కుర్చీ ఖాళీగా లేదు గదా అని, దాని ముందే కాయ పెట్టి దండం పెట్టేవారు. పిల్లి వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకునేది. పేష్కారు గోపయ్య వెంటనే "అర్జీ నామంజూర్" అనేవాడు. పని ఇంత చురుగ్గా ఎన్నడూ సాగలేదని అందరూ మెచ్చుకున్నారు.

కాటమ్మ చెలకను, ఆ కాస్త మెట్టభూమిని, దశరథ దొర తన పొలంలో కలుపుకున్నాడు. ఆమెకున్న ఆధారం అదొక్కటే. అర్జీతో ఆమె తెచ్చిన నిమ్మకాయకూ పిల్లి మొహం తిప్పింది. దొర ఎండుచేపలతో వచ్చాడు. పిల్లి ఆయన కాళ్ళకు రాసుకుంది. చెలక దొరదైంది.

కాటమ్మ మాత్రం కదల్లేదు. "పిల్లి యాడనన్న నిమ్మకాయ తింటదా అయ్యా? జర తెలిసినోళ్ళను అడుగుండ్రి," అంది.

న్యాయమైన మాటే గనుక కోదాడ నుంచి పశువుల డాక్టరు దానియేలును పిలిపించారు. "నిమ్మ, నారింజ, బత్తాయి, ఏదీ పిల్లికి పెట్టకూడదండీ. తొక్కలో నూనె ఉంటుంది. కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు. అందుకే వాసనకే మొహం తిప్పుతుంది. దానికి అర్జీ సంగతేం తెలుసండీ?" అన్నాడాయన.

కచేరీ గడగడలాడింది. ఇన్నాళ్ళూ ప్రభుత్వానికి విషం పెట్టారన్నమాట! గోపయ్య అరుగెక్కి ప్రసంగించాడు: "మహాజనులారా! సర్కారు కళ్ళు తెరిచింది. పిల్లి ఆరోగ్యమే ప్రజల ఆరోగ్యం. ఇకమీదట నిమ్మకాయ తెచ్చినవారు శిక్షార్హులు. చేపలు మాత్రమే స్వీకరించబడును." జనం చప్పట్లు కొట్టారు.

"మరి నా చెలక?" అంది కాటమ్మ.

"నీ మీద కేసు పెట్టకుంట ఇడిసిపెట్టినం. సంబురపడి ఇంటికి పో," అన్నాడు గోపయ్య.

అధికారి తిరిగొచ్చి అంతా విన్నాడు. చేపలు ముట్టింది పిల్లికి, పిల్లి సర్కారు నౌకరు కాదు గనుక లంచమే జరగలేదని తేల్చాడు. దొర ఆ చెలకలో జొన్న వేశాడు. కాటమ్మ అందులోకే కూలికి పోతున్నది. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నవ్వుతున్నారా? నవ్వండి. రేపు మీకు పనిబడి ఏ కచేరీకో బయల్దేరేముందు మీరు మాత్రం వాకబు చేసేదేమిటి? లోపలున్నాయనకు న్యాయం తెలుసా అనా, ఏం తింటాడనా?