అధ్యక్షుల వారి శాకాహార శుక్రవారం

ఆ శుక్రవారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: అమ్మమ్మ, నేను, గుడ్ల మీద కూర్చున్న కోడి, గోడ మీద పటంలో వంటవాళ్ళ పునీతుడు సాన్ పాస్కువల్, మా మునిసిపాలిటీ అధ్యక్షులు దొన్ ఫిదెన్సియో గారు, ఆయన పత్రికా కార్యదర్శి ఒక్తావియో, ఒక కెమెరామన్, వెలుతురు కోసం వెండి రంగు అట్ట పట్టుకున్న ఒకాయన. అమ్మ బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది కాబట్టి ఈ చరిత్రలో ఆమెకు చోటు లేదు.

అధ్యక్షుల వారు అంతకు ముందు ఆదివారమే చర్చి ముందర మైకులో ప్రకటించారు. "ఈ రోజు నుంచి మన మునిసిపాలిటీలో ప్రతి శుక్రవారం శాకాహార శుక్రవారం! ఇంటింటా ఆకుకూరల టాకో! భూగోళం వేడెక్కిపోతోంది. దాన్ని చల్లార్చే బాధ్యత మన ప్రజలు నెత్తికెత్తుకున్నారు!"

మేం నెత్తికెత్తుకున్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఈస్టర్ ముందు శుక్రవారాల్లో మా ఊళ్ళో ఎవరూ మాంసం ముట్టరు. మిగతా రోజుల్లో మా ఇంటి పొయ్యి మీద మాంసం కనబడాలంటే ఎవరికైనా పెళ్ళి కావాలి, లేదా ఎవరైనా పోవాలి. అందుచేత అధ్యక్షుల వారి పథకం మొదలుకాక ముందే విజయవంతమైంది. ఇంత వేగంగా అమలైన పథకం ఈ రాష్ట్రంలో ఇంకొకటి లేదని ఒక్తావియో పత్రికలకు రాసి పంపాడు.

ఇందులో అధ్యక్షుల వారి త్యాగం గురించి కూడా చెప్పాలి. ఆయన ఇంటిది పంది మాంసం వ్యాపారం. చుట్టుపక్కల, పేగులో మాంసం కూరి చేసే ఎర్ర సాసేజ్ ఎవరికి కావాలన్నా ఆయన భార్య దోన్యా అమాందా గారి దుకాణానికే వెళ్ళాలి. అలాంటి మనిషి మాంసం మానమని చెప్పడమంటే మాటలా!

మాంసం లేకుండా టాకో ఎలా చేసుకోవాలో ప్రజలకు నేర్పే వీడియో ఒకటి తీయాలనుకున్నారు. దానికి మా వంటిల్లు ఎంపికైంది. అమ్మమ్మ ఒప్పుకోవడానికి కారణం ఒకటే. మోటారు.

మా వీధి చివర ఊరి పిండిమర ఉంది. సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్నను ఆడవాళ్ళు తెల్లారకుండానే బకెట్లలో తీసుకెళ్ళి అక్కడ రుబ్బించుకునేవాళ్ళు. దాన్ని నడిపే బాధ్యత అమ్మమ్మది. ఆ మోటారు మొదలయ్యేటప్పుడు ముసలాయన లేచినట్టు మూడుసార్లు దగ్గేది. తర్వాత అందుకుని డుగుడుగుమని తిరిగేది. మధ్య మధ్య బెల్టు జారి ఎక్కిళ్ళు పెట్టేది. అప్పుడు అమ్మమ్మ చర్చిలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్క ఒకటి తెచ్చి బెల్టుకు రుద్దేది. ఎక్కిళ్ళు ఆగిపోయేవి.

కిందటి కోతల కాలంలో అధ్యక్షుల వారు ఆ మోటారును రిపేరు కోసం మునిసిపాలిటీ బండిలో ఎక్కించుకుపోయారు. అది పాడైందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. నాయకుడంటే ముందే కనిపెట్టేవాడు కదా.

అప్పటి నుంచి అమ్మమ్మ మోకాళ్ళ మీద కూర్చుని బండ మీదే నూరుతోంది. ఇప్పుడామె కుడి చెయ్యి భుజం పైకి లేవదు. రోజూ పొద్దున్నే ఆమెకు జడ నేనే వేస్తాను.

"బాబూ ఫిదెన్సియో, మోటారు సంగతేంటి?" అధ్యక్షుల వారు గడపలో కాలు పెట్టగానే అమ్మమ్మ అడిగింది. ఆయన చిన్నప్పుడు చీమిడి ముక్కుతో మర దగ్గర ఆడుకున్న మనిషి గనక ఆమె అలాగే పిలుస్తుంది.

"అయిపోయింది పెద్దమ్మా! రిపేరు చివరి దశలో ఉంది. ఈ వీడియో బయటికి రానీ, దండేసి, రిబ్బన్ కట్టి మరీ తెచ్చి పెడతాం."

"దండ వద్దులే బాబూ. బెల్టులో పడుతుంది."

ఒక్తావియో పిండి గిన్నె మీద గుడ్డ తీసి చూశాడు. "సార్, నీలం మొక్కజొన్న! చేత్తో నూరింది! సిటీలో దీనికి పడి చస్తారు సార్!"

అధ్యక్షుల వారు పిండిని వేలితో నొక్కి చూశారు. "చూశావా? బండ మీద నూరిన పిండి రుచి మరకెక్కడిది? అందుకే మోటారు విషయంలో నేను తొందరపడలేదు."

ఇంత దూరదృష్టి ఉందని మాకెవరికీ తట్టలేదు. అమ్మమ్మ కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని తల ఊపింది.

షూటింగ్ మొదలైంది. మసి పట్టిన మట్టి పెనం పేదరికంలా కనబడుతోందని ఒక్తావియో తీయించేశాడు. వాళ్ళు తెచ్చిన కొత్త పెనం పొగ మీద పొగ వదిలింది. మళ్ళీ మా పెనమే పెట్టించి, ఈసారి దాన్ని సంప్రదాయం అన్నాడు. ఎర్ర పచ్చడి మాత్రమే ఉంటే కుదరదన్నాడు.

"ఆకుపచ్చది కూడా ఉండాలి పెద్దమ్మా. ఓటర్లలో రెండు రకాల వాళ్ళూ ఉంటారు."

"టాకోలో ఏం పెడతారో ఓటర్లని అడిగారా?"

"అది ఎన్నికల తర్వాత అడుగుతాం."

అధ్యక్షుల వారు ఏప్రన్ కట్టుకుని కెమెరా వైపు తిరిగారు. "అమ్మలారా, అక్కలారా! మాంసం లేకపోతే రుచి ఎక్కడిది అంటారు మీరు. నేను చెబుతా వినండి." అంటూనే పెదవులు కదపకుండా, "ఎక్కడిది పెద్దమ్మా?" అని పక్కకి అడిగారు.

అమ్మమ్మ చెబుతూ పోయింది, ఆయన అదే గట్టిగా అంటూ పోయారు. నాగజెముడు రెబ్బలు ముళ్ళు గీకి, సన్నగా తరిగి, ఉప్పేసి నలిపి జిగురు పోయాక వేయించాలి. ఉల్లి, వెల్లుల్లి అంచులు నల్లబడేదాకా పెనం మీదే కాలాలి. ఎండుమిరపకాయ మాత్రం వాసన రాగానే దించాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే చేదెక్కుతుంది. కాల్చిన టమాటాతో కలిపి రాతి రోట్లో దంచాలి. చిక్కుళ్ళు ముందురోజే ఉడికించి, ఘాటు ఆకేసి మెదపాలి. పైన వేయించిన గుమ్మడి గింజల పొడి.

"ఇది మా అమ్మ నాకు నేర్పిన వంట," అని అధ్యక్షుల వారు ముగించారు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. మిరపకాయ అప్పటికి మాడిపోయింది.

చిక్కల్లా టాకోకు చుట్టే మొక్కజొన్న రొట్టె, అదే టోర్టియా, దగ్గర వచ్చింది. ఆయన అరచేతుల మధ్య తట్టిన మొదటి టోర్టియా మా మునిసిపాలిటీ పటంలా వచ్చింది. రెండోది అంచుల్లో ఆక్రమణలు జరిగిన మునిసిపాలిటీలా వచ్చింది. మూడోది పొయ్యిలో పడింది. ఏ ఒక్కటీ పొంగలేదు.

పెనం మీద టోర్టియా పొంగితే చేసిన మనిషికి పెళ్ళీడు వచ్చినట్టని మా వైపు అంటారు.

"ముగ్గురు పిల్లల తండ్రివి, ఇంకా పెళ్ళీడు రాలేదా బాబూ?" అంది అమ్మమ్మ.

"ఆ ముక్క కట్ చెయ్," అన్నాడు ఒక్తావియో కెమెరామన్‌తో. తర్వాత వంటింట్లో మనుషుల్ని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, కట్టెల చాటున నిలబడ్డ నన్ను పట్టుకున్నాడు. "అమ్మాయ్, నీ పేరు?"

నేను చెప్పాను. వినబడలేదు.

"నీన్ఫా," అంది అమ్మమ్మ. "దానికి నోరు లేదు గానీ చేతులున్నాయి."

"చేతులే కావాలి."

అధ్యక్షుల వారు చొక్కా విప్పి నాకిచ్చారు. గడియారం తీసి నా మణికట్టుకు పెట్టారు. అది అటూ ఇటూ జారుతుంటే అట్ట పట్టుకున్నాయన లోపల గుడ్డ ముక్క కుక్కాడు. కెమెరా నా మోచేతుల దగ్గరికి వచ్చింది. నేను పిండి తీసుకుని తట్టాను. పెనం మీద వేశాను. తిప్పాను. మళ్ళీ తిప్పి, వేలి కొసతో మధ్యలో తాకాను. పొంగింది.

"అద్భుతం!" అన్నాడు ఒక్తావియో. "చేతులు చూడండి సార్, కాయలు కాసి, గరుగ్గా. కష్టపడ్డ మనిషి చేతులు. జనం ఠక్కున నమ్ముతారు."

అధ్యక్షుల వారు బనియన్‌తో నిలబడి నా చేతులను చాలాసేపు చూశారు. "అచ్చం నా చేతుల్లాగే ఉన్నాయి," అన్నారు.

ఆ వీడియో మీరందరూ చూసే ఉంటారు. రాష్ట్ర రాజధానిలో ఆ చేతులకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అధ్యక్షుల వారు వెళ్ళి రెండు చేతులతో అందుకున్నారు.

వంట అయ్యాక రుచి చూసే ఘట్టం తీశారు. ఆయన మొదటి టాకో కొరికి, కెమెరాను మర్చిపోయారు. రెండోది తానే చుట్టుకున్నారు. నిమ్మకాయ అడిగారు. నాగజెముడు అయిపోతే చిక్కుళ్ళతో తిన్నారు, చిక్కుళ్ళు అయిపోతే టోర్టియాతో రోలు తుడుచుకున్నారు. అమ్మకు దాచిన గిన్నె కూడా అమ్మమ్మ ఆయన ముందే పెట్టింది. పెట్టి, పక్కనే కూర్చుంది.

"బాబూ, మోటారు."

"పెద్దమ్మా, మీ మోటారు మంచి చేతుల్లో ఉంది," అన్నారు ఆయన వేళ్ళు నాక్కుంటూ. "నన్ను నమ్ము."

బండి వెళ్ళిపోయింది. చొక్కా పట్టుకుపోయారు గానీ గడియారం నా చేతికే ఉండిపోయింది.

అమ్మమ్మ దాన్ని చూసి నెత్తి కొట్టుకోబోయింది, చెయ్యి లేవలేదు. "ఇప్పుడే పోయి ఇచ్చిరా. ఇది రాత్రంతా మనింట్లో ఉంటే తెల్లారేసరికి మనం దొంగలమవుతాం. ఇచ్చాక మోటారు ఎప్పుడొస్తుందో అడుగు. గట్టిగా అడుగు. నీలో నువ్వే గొణుక్కోకు."

దారి పొడవునా ఆ మాటనే సాధన చేశాను. 'అమ్మా, మోటారు ఎప్పుడొస్తుందని మా అమ్మమ్మ అడగమంది.' కలబంద తోట దాటేసరికి నోటికి వచ్చేసింది. పొద్దు ఇంకా వాలలేదు.

అధ్యక్షుల వారి ఇల్లు దగ్గరవుతుంటే వెనిగర్ వాసన, ఎండుమిరప వాసన వచ్చాయి. రేపు శనివారం సంత. గోడ అవతల ఎవరో ఏదో మీట నొక్కారు.

అది మూడుసార్లు దగ్గింది.

తర్వాత అందుకుంది. డుగుడుగు, డుగుడుగు. ఒక ఎక్కిలి.

అక్కడే నిలబడిపోయాను. ఆ చప్పుడుకే నేను పుట్టినప్పటి నుంచీ నిద్ర లేచాను. అధ్యక్షుల వారు అబద్ధం చెప్పలేదు. మోటారు బాగైంది. మునుపటికన్నా బాగా తిరుగుతోంది కూడా. మొక్కజొన్నకన్నా మెత్తటిదేదో రుబ్బుతున్నట్టుంది.

తలుపు తట్టాను. దోన్యా అమాందా గారే తీశారు. ఆవిడ ఏప్రన్ మోకాళ్ళదాకా ఎర్రగా ఉంది. వెనక పెరట్లో కొక్కేలకు సాసేజ్ దండలు వేలాడుతున్నాయి. దండ అంటే ఇదేనేమో అనుకున్నాను.

"ఎవరమ్మాయ్ నువ్వు?"

నేను గడియారం చాచాను.

"ఓ, అదా! ఆ టాకో ఇంటి పిల్లవా?" ఆవిడ గడియారం తీసుకుని ఏప్రన్‌కు తుడిచారు. "మంచిదానివి. ఇంకేమన్నా ఉందా?"

సాధన చేసిన మాట నోట్లోనే ఉండిపోయింది. అవతల ఎక్కిలి, వెంటనే ఇంకో ఎక్కిలి.

"ఎవరే అది?" లోపల్నించి అధ్యక్షుల వారి గొంతు.

"మీ చేతులండీ!" అని ఆవిడ నవ్వారు.

"నేను ఉపవాసంలో ఉన్నానని చెప్పు!"

"ఉపవాసంలో ఉన్నారట," అని ఆవిడ నాకు చెప్పారు. "ఏంటమ్మా, ఏదో చెప్పాలన్నట్టు చూస్తున్నావు? చెప్పు, త్వరగా. పనుంది."

బెల్టు మళ్ళీ జారింది. అమ్మమ్మ గట్టిగా అడగమంది. నేను నోరు తెరిచాను. నా జన్మలో బయటివాళ్ళతో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి.

"అమ్మా, బెల్టుకి కొవ్వొత్తి రుద్దాలి. ఎక్కిళ్ళు ఆగుతాయి."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. తర్వాత లోపలికి తిరిగి, "ఏమండీ, కొవ్వొత్తి రుద్దాలంట!" అని కేకేసి తలుపు వేసేశారు.