పాప లెక్కలో ఆరో మనిషి

మనిషన్నవాడు పుట్టిన ఇరవై రెండు నెలల్లోగా ఆరు దాకా లెక్కపెట్టలేకపోతే, ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికినా దండగేనని శైశవ గణిత మండలివారు తేల్చి చెప్పేరు. అరవై తొమ్మిదేళ్ళు దండగ్గా బతికేసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసినందుకు నాకు బాధగానే ఉంది. అయినా మండలివారిని తప్పుపట్టను. ముప్పై రెండేళ్ళు సర్కారీ ఆఫీసులో కూర్చుని, ఏ కాగితమూ బల్ల దిగి పారిపోకుండా కాపలా కాసినవాణ్ణి. దరఖాస్తంటే నాకు గౌరవం.

మాది ముక్తేశ్వరం. ఇంట్లో నేను, మా ఆవిడ మహాలక్ష్మమ్మ, మా అబ్బాయి నాగసతీష్, కోడలు పద్మశ్రీ, వాళ్ళ పాప లక్ష్మీతులసి, వెరసి అయిదుగురం. పాప కడుపున పడగానే మా కోడలు మండలివారి 'అంకెల ఊయల' యాప్‌ని తన ఫోన్లోకి దించుకుంది. మొదటి షరతు ఏమిటంటే, యాప్‌ని కూడా కుటుంబ సభ్యుడిగా నమోదు చెయ్యాలి (బంధుత్వం అన్నచోట 'ఇతరులు' అని రాసుకోవచ్చు). ఆ రోజు నుంచీ మండలివారి రికార్డులో మేం ఆరుగురం. నాకేం అభ్యంతరం లేకపోయింది. భోజనానికి కూర్చోని చుట్టం ఎవరికి బరువు?

ఆరో నెల నుంచీ కడుపులో తన్నులు లెక్కపెట్టి పంపాలన్నారు. పాప ఓ రోజు మూడు తన్ని, కాసేపాగి ఇంకో రెండు తన్నింది. 'కూడికకు సంసిద్ధత కనబడుచున్నది' అని అభినందన వచ్చింది. మర్నాడు పాప హాయిగా నిద్రపోయింది. 'గైర్హాజరు, సంజాయిషీ ఇవ్వవలెను' అని తాఖీదు వచ్చింది. సంజాయిషీ నేనే రాసేను. కడుపులోంచి బయటికి రావడానికి ప్రస్తుతం వీలుకాదని, వచ్చేక స్వయంగా హాజరవుతుందని మనవి చేసుకున్నాను.

అన్నట్టే వచ్చింది. అక్కణ్ణించి మా ఇంట్లో జరిగిన ప్రతీదీ గణితమే. దోబూచులాడితే తీసివేత. అమ్మ కొంగు చాటుకెళ్తే ఒకటి తగ్గినట్టు, తిరిగి కనబడితే ఒకటి కలిసినట్టు. గోరుముద్దలు పెడితే ముద్దముద్దకీ నమోదు. మా ఆవిడ అలవాటుగా "ఇది కాకికి, ఇది పిచ్చిక్కి" అంటూ తినిపించేది. యాప్ ఊరుకోలేదు. కాకి ఖాతాలో పడ్డ ముద్ద పాప నోట్లోకి ఎలా వెళ్ళిందో వివరించమంది (కాకి ఆధార్ నంబరు ఉంటే జతపరచవచ్చునట). టీకా వేయించుకుని జ్వరంతో మూలుగుతున్న పిల్ల సెలవు కావాలంటే, తన ముఖాన్ని తనే ఫోన్‌కి చూపించి, ఏడవకుండా మూడు సెకన్లుండాలి. ఆ మూడు సెకన్ల కోసం నలుగురు పెద్దలం గంటన్నర చప్పట్లు కొట్టేం.

ఇంతవరకూ సవ్యంగానే నడిచింది. చిక్కంతా కొబ్బరి దింపు దగ్గర వచ్చింది.

మాకున్న కాస్త తోటలో చెట్లెక్కి కాయలు దించేక వాటిని వాకిట్లో రాశి పోస్తారు. లెక్క మా ఆవిడదే. రెండు చేతుల్తో రెండు కాయలు పట్టి పక్కకి దొర్లిస్తూ "లాభం" అంటుంది. ఇంకో జత దొర్లించి "రెండు", మరో జతకి "మూడు". రాశి ముందు కూర్చున్నాక మొదటి మాట శుభంగా ఉండాలని మా అమ్మ నేర్పిన పద్ధతి. అందుకే ఒకటి ఉండదు, లాభంతోనే మొదలు. ఆఖర్న జత లేకుండా మిగిలిన కాయ ఒంటికాయ. దాన్ని లెక్కలో కలపదు, గోడవారకి నెట్టేస్తుంది. ఇరవై నెలలుగా ఈ తతంగమంతా పాప ఆవిడ ఒళ్ళో కూర్చునే చూసింది.

ఓ రోజు యాప్ ఒక బంతి బొమ్మ చూపించి ఎన్ని అని అడిగింది. పాప రెండో బంతి కోసం ఫోను వెనక్కి తిప్పి చూసి, కనబడక, ఫోన్నే గోడవారకి నెట్టేసింది. రెండు బంతులు చూపిస్తే మొహం వెలిగిపోయి "లాబం" అంది. నాలుగు చూపిస్తే "లెండు" అంది. మూడో రోజుకి తాఖీదు దిగింది.

దాని సారాంశం ఇది. బిడ్డ చెప్పవలసినదాంట్లో సగమే చెప్పుచున్నది. ఇంట్లో గణిత అవరోధక వృద్ధురాలు ఉన్నట్టు అనుమానం. ఆదివారం తనిఖీ. అందులో తప్పితే బిడ్డని అమలాపురంలోని సంఖ్యా పునరావాస కేంద్రానికి ప్రతిరోజూ పంపాలి. వ్యాను పొద్దున్న ఏడింటికి వస్తుంది, సాయంత్రం ఆరింటికి దింపుతుంది. పాలసీసా వెంట తెచ్చుకోవచ్చు. మామ్మని తెచ్చుకోరాదు.

పద్మశ్రీ చదువుతుంటే మా ఆవిడ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

"నా మూలంగా పిల్లని పట్టుకెళ్ళిపోతారటండీ?" అంది నాతో.

"నేర్పేవాళ్ళ దగ్గరికి నేర్చుకోడానికి పంపితే తప్పేముందిలే" అన్నాను గానీ నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు.

"అత్తయ్యగారూ, మీరు ఒకటి అనడం అలవాటు చేసుకోండి. నాలుగు రోజులే కదండీ" అంది పద్మశ్రీ. ఆ అమ్మాయి కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. యాప్‌లో ఒక్క పూట కూడా మానకుండా నింపిన పిల్ల, పాపం.

నాలుగు రోజులూ మా ఆవిడ "ఒకటి, ఒకటి" అనుకుంటూ తిరిగింది. కుక్కర్ మొదటి కూత వెయ్యగానే "లాభం" అనేసి, నాలుక కరుచుకుని, పొయ్యి ఆపేసేది. ఆదివారం దాకా పప్పు పలుకుగానే తిన్నాం.

ఆదివారం పొద్దున్నే తనిఖీదారు ఎబినేజర్ గారు వచ్చేరు. రాజోలు వైపు మనిషి. టై, మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. నాగసతీష్ రొయ్యల చెరువు పని మానుకుని మరీ ఇంట్లో ఉన్నాడు. అందరం చాప మీద కూర్చున్నాం. అంకెల ఊయల సాక్షిగా ఉండాలి కాబట్టి ఫోను పద్మశ్రీ చేతిలో వెలుగుతూనే ఉంది (నాగసతీష్ ఫోను ఆ వేళకి చార్జింగులో ఉంది, దాంతో అతను బతికిపోయేడని మాకు తర్వాత తెలిసింది).

"మొదటి ప్రశ్నండీ" అని ఎబినేజర్ గారు ఆరు చెక్కముక్కలు పరిచేరు.

పాప రెండు చేతులూ చాచి రెండు ముక్కలు పట్టుకుంది. "లాబం." ఇంకో రెండు. "లెండు." ఇంకో రెండు. "మూలు." అయిపోయినట్టు చేతులు దులుపుకుంది.

ఎబినేజర్ గారు ముందుకి వంగి ఆ మూడు జతల్నీ చూసేరు. "మా నాన్నగారు దింపు కూలీకి వెళ్ళేవారండి. ఆయన లెక్కా ఇదేనండి" అన్నారు మెల్లగా.

"అయితే అదే రాసుకోండి బాబూ" అంది మా ఆవిడ.

"గడి లేదమ్మా. సరి, తప్పు, ఏడుపు. ఈ మూడే ఇచ్చేరండి."

అప్పుడు పనికొచ్చింది నా ముప్పై రెండేళ్ళ సర్వీసు. ఏ ఫారమైనా నేను అడుగు నుంచి చదువుతాను, అసలు సంగతి అక్కడే దాస్తారు గనుక. "ఎబినేజర్ గారూ, కింద చీమతలకాయంత అక్షరాల్లో కొలమానం అని ఏదో ఉన్నట్టుంది చూడండి" అన్నాను.

"ఆయ్, ఉందండీ" అన్నారాయన నొక్కి చూసి. "ఒక్కొక్కటి, జత, డజను. ఇది నొక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి అనుకుంటానండి." జత నొక్కేరు. ఆరు. సరి అని వచ్చింది. మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

"రెండోది తప్పనిసరండీ. ఇంట్లో సభ్యులెంతమందో బిడ్డ లెక్కపెట్టాలి. ట్యాబులో ఉన్న సంఖ్యతో కలవాలండి."

నేను వేళ్ళు మడిచి చూసుకున్నాను. మేం అయిదుగురం. రికార్డులో ఆరుగురం. జతల్లో లెక్కపెడితే ఎవరో ఒకరు గోడవారకి వెళ్ళక తప్పదు, లెక్క నాలుగు దగ్గర ఆగిపోతుంది, ఏడింటికి వ్యాను వచ్చేస్తుంది.

పాప లేచి నిలబడింది. ఒక చెయ్యి మామ్మ మోకాలి మీద, రెండోది నా మోకాలి మీద వేసింది. "లాబం." తర్వాత వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి ఒక చెయ్యి అమ్మ చెంప మీద, రెండోది అమ్మ చేతిలో ఫోను మీద వేసింది. "లెండు." తర్వాత ఒక చెయ్యి నాన్న కడుపు మీద, రెండోది తన బొజ్జ మీద. "మూలు."

మూడు జతలు. ఆరు. ట్యాబులో పువ్వులు రాలేయి, ఫోను చప్పట్లు కొట్టింది. మా ఆవిడ పాపని ఎత్తుకుని ముద్దులు పెట్టేస్తూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చేను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. వాకిట్లో నాలుగు బొండాలు కొట్టించి ఎబినేజర్ గారికి రెండు ఇచ్చేం. అంత సంబరం పాప బారసాలకి కూడా చెయ్యలేదు.

పద్మశ్రీ కూడా నవ్వుతూనే ఉంది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగింది.

"ఆరో మనిషి ఎవరండీ?" అనడిగింది.

ఎబినేజర్ గారు బొండాంలోంచి తలెత్తకుండా, "మీ చేతిలో ఉన్నవారేనండి" అన్నారు.

మర్నాడు పొద్దున్న పద్మశ్రీ ఫోన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. వచ్చి పాప ఎదురుగా చాప మీద కూర్చుంది. "మనం ఎంతమందిమో మళ్ళీ చెప్పమ్మా" అంది. పాప మామ్మనీ నన్నూ పట్టుకుని "లాబం" అంది. వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి ఒక చెయ్యి చెంప మీద వేసింది. రెండో చెయ్యి అమ్మ అరచేతుల్లో వెతికింది, ఒళ్ళో వెతికింది, చాప కింద కూడా వెతికింది. ఏమీ దొరకలేదు. అప్పుడు రెండు చేతులూ అమ్మ భుజాన ఆనించి, జాగ్రత్తగా, గోడవారకి నెట్టింది.

ఆ లెక్క తప్పు అని మాలో ఎవరమూ అనలేకపోయేం.