దీవి నిండా అభిమానులే

"పక్కదేశం గోడ దూకి దొంగచాటుగా సినిమా చూసేవాడికీ, పక్కింటి గోడ దూకి పళ్ళు కోసుకొచ్చేవాడికీ తేడా లేదు. కోసినవాడెంత దొంగో, వాడిచ్చిన ముక్క తిన్నవాడూ అంతే దొంగ. కాబట్టి చూసినవాడే కాదు, చూసినవాడి నోట కథ విన్నవాడు కూడా శిక్షార్హుడే!"

సాంస్కృతిక సరిహద్దుల శాఖ మంత్రిగారు ఈ మాట అనగానే విలేఖరుల సమావేశంలో చప్పట్లు మారుమోగాయి. మొదట కొట్టింది శాఖ సిబ్బంది. ఆఖరున ఆపిందీ వాళ్ళే.

ఆ వాక్యాలు రాసిన మనిషి వెనక వరసలో నిలబడి పెదవులు కదుపుతున్నాడు, మంత్రిగారు ఎక్కడైనా మరిచిపోతే అందిద్దామని. ఆఫీసులో అతణ్ణి అందరూ ప్రెస్‌నోట్ అనే పిలుస్తారు. ఏడేళ్ళుగా మంత్రిగారి నోట వెలువడిన ప్రతి ఆవేశమూ ముందు అతని లాప్‌టాప్‌లో పుట్టిందే. ఇవాళ్టి ఆవేశం పుట్టేటప్పుడు పక్క కిటికీలో ఒక విదేశీ సీరియల్ తొమ్మిదో భాగం సగంలో ఆగి ఉంది. లైట్‌హౌస్ కాపలాదారుణ్ణి ఎవరు చంపారన్నది అందులో ప్రశ్న. ఆ సీరియల్ ప్రసార సంస్థ మన దేశానికి చూపించే కేటలాగ్‌లో లేదు. ప్రెస్‌నోట్ దాన్ని వీపీఎన్ పెట్టి చూస్తున్నాడు.

వీపీఎన్ అంటే తెలియని అమాయకులు ఇంకా మిగిలి ఉంటే వాళ్ళకోసం ఒక్క ముక్క. మీరు మీ ఇంట్లో, మీ సోఫాలోనే కూర్చుని, "నేను ఫలానా దేశంలో ఉన్నాను" అని టీవీతో అబద్ధం చెబుతారు. టీవీ నమ్మేస్తుంది. ఆ దేశంవాళ్ళకు చూపించేవన్నీ మీకూ చూపిస్తుంది. అంతే. ఊరూరా "నేను మీ ఊరివాణ్ణే" అంటూ ఎన్నికల ప్రచారం చేసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

దేశద్రోహాన్ని ఖండిస్తూ, మధ్యమధ్య అదే ద్రోహం చేస్తూ రాయడం ప్రెస్‌నోట్‌కి ఇబ్బందిగా అనిపించలేదు. రాసేది ఉద్యోగం, చూసేది జీవితం. పైగా చట్టం అమల్లోకి రావడానికి ఇంకా మూడు నెలలుంది. అప్పటిదాకా అది నేరం కాదు, వట్టి పాపం.

అతని అసలు బాధ వేరే ఉంది. అతనిది పదకొండు నెలల కాంట్రాక్టు. పదకొండు నెలలకోసారి ఉద్యోగం పోతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. ఇలా ఏడేళ్ళు గడిచాయి. ఈసారి రూలు మారింది. రెండు నెలల్లో పర్మినెంటైనా కావాలి, ఇంటికైనా పోవాలి. ఆ ఫైలు మంత్రిగారి బల్లమీద, గాజు పేపర్‌వెయిట్ కింద ఉంది. బడిలో లెక్కలు చెప్పే భార్య రోజూ సాయంత్రం చెప్పులు విప్పుతూ ఒకే ప్రశ్న అడుగుతుంది.

"ఫైలు కదిలిందా?"

"పేపర్‌వెయిట్ కదిలింది," అంటాడతను.

*

సరిగ్గా పదకొండున్నరకు లోపలి గదినుంచి బెల్లు మోగింది.

మంత్రిగారి జీవితంమీద ఆరు భాగాల చిత్రం తీసి మూడు వారాలైంది. పేరు 'ప్రజాపథం'. ఒక పెద్ద ప్రసార సంస్థ, ఈ దేశంలో వ్యాపారం చేసుకోవాలన్న కోరికతో, దాన్ని తన అన్ని దేశాల కేటలాగుల్లోనూ మహదానందంగా పెట్టింది.

"ఎంతమంది చూశారయ్యా?" అన్నారు మంత్రిగారు.

"పదకొండు సార్."

"లక్షలా?"

"మంది సార్."

మంత్రిగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. "మా ఇంట్లోనే పధ్నాలుగు మందిమి ఉన్నామే!"

"అందరికీ తీరిక ఉండదు కదా సార్."

మంత్రిగారు పేపర్‌వెయిట్ కింది ఫైలుమీద చెయ్యి వేశారు. "ఇదెవరిది?"

"నాదే సార్."

"ఓహో." ఆయన పెన్ను క్యాపు మెల్లగా బిగించసాగారు. ఒక మర. రెండో మర.

ఊపిరాడనప్పుడు మనిషి నోటికి ఏదొస్తే అది అంటాడు. "ఇది మన దేశం లెక్క సార్. విదేశాల లెక్క ఇంకా రాలేదు!"

క్యాపు ఆగింది. ఒక మర వెనక్కి తిరిగింది.

"ఎప్పుడొస్తుంది?"

"నెలరోజుల్లో సార్. అక్కడ మీకు మంచి ఆదరణ ఉన్నట్టు అనధికార సమాచారం."

బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు. అనధికార సమాచారమంటే ఏమిటో అతనికే తెలియదు. కానీ ఏడేళ్ళుగా ఆ మాట రాస్తున్నాడు, ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

*

ఇంట్లో ఈ విషయాల్లో నిపుణురాలు అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో వీధి చివరి మందులషాపుదాకా కూడా నడవలేని ఆవిడ, రోజుకు నాలుగు దేశాలు తిరిగొస్తుంది.

"అత్తయ్యగారూ, మనం సీరియల్ ఏ దేశం దారిలో చూస్తున్నాం?"

"దీవి దారిలో అల్లుడుగారూ. పెద్ద దేశాల దారుల్లో ఒకటే రద్దీ. సరిగ్గా కత్తి తీసేవేళకి ఆ గుండ్రటిది తిరగడం మొదలెడుతుంది. దీవి దారి ఖాళీ. పాపం, అదొకటి ఉందని ఎవరికీ తెలీదు. జారుడుబల్లలా సాగిపోతుంది."

"పదో భాగం ఎప్పుడు?"

"అదే ఆఖరుది, పై నెల ఆఖరి ఆదివారమట. నన్నడిగితే చంపింది డాక్టరే."

"పడవవాడండీ."

"మీకు మనుషుల్ని చూడ్డం రాదు. ఏడేళ్ళయింది, మీ మంత్రి సంతకం పెడతాడనే అనుకుంటున్నారు," అని ఆవిడ రిమోట్ అందుకుంది.

ఎత్తిపొడుపుల్లో కూడా పనికొచ్చేది ఏరుకోవడం ప్రెస్‌నోట్ వృత్తి. దీవి దారి. అతని బుర్రలో దీపం వెలిగింది.

*

మర్నాటినుంచి శాఖలో 'విదేశీ విధులు' మొదలయ్యాయి. ఆదేశం కాగితంమీద లేదు. పైనుంచి అన్నారంతే. పైనుంచి అంటే ఎవరని అడిగే అలవాటు ఆ భవనంలో ఎవరికీ లేదు. సూపరింటెండెంటు కొత్త రిజిస్టరు తెరిచి గళ్ళు గీశాడు. పేరు, వచ్చిన వేళ, వెళ్ళిన దేశం, సంతకం. ముప్ఫైమంది సిబ్బంది, ఒక్కొక్కరి ముందు ఆరేసి పరికరాలు, అన్నిట్లోనూ వీపీఎన్ దారిన 'ప్రజాపథం'.

మూడోరోజుకే గొడవ.

"నాకు నిన్న కూడా ఎడారి దేశమే వేశారు," అంది టైపిస్టు. "పొద్దస్తమానం గుండ్రంగా తిరగడమే. నన్నూ దీవికి మార్చండి సార్."

"దీవిలో ఇప్పటికే పన్నెండుమంది ఉన్నారమ్మా," అన్నాడు సూపరింటెండెంటు.

"ఇంకో మనిషి ఎక్కితే మునిగిపోతుందా?"

డ్రైవరు తల గోక్కుంటూ వచ్చాడు. "సార్, మా ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. దీవినుంచి మూడింటికే వచ్చెయ్యనా?"

"వచ్చేముందు సంతకం పెట్టిరా."

వారం తిరిగేసరికి శాఖ యావత్తూ దీవికి తరలిపోయింది. మంచి దారి ఉండగా చెడ్డ దారిన పొమ్మంటే ప్రభుత్వోద్యోగి మాత్రం ఎందుకు పోతాడు? ఒక్క చిక్కు మిగిలింది. ప్రతి భాగం చివరా తెర ఆగిపోయి, "ఇంకా చూస్తున్నారా?" అని అడుగుతుంది. అవును అని నొక్కితేగాని ముందుకు కదలదు. అందుకు రిటైర్మెంటు దగ్గరపడ్డ సీనియర్ అసిస్టెంటును వేశారు. ఆయన పొద్దున పదినుంచి సాయంత్రం అయిదుదాకా బల్లబల్లకీ తిరుగుతూ 'అవును', 'అవును' అని నొక్కేవాడు.

"ముప్ఫై రెండేళ్ళుగా నోటితో చేస్తున్న పని. వేలితో మొదటిసారి," అన్నాడాయన తృప్తిగా.

*

నెల తిరిగింది. నివేదిక మంత్రిగారి బల్లమీదికి చేరింది. మొత్తం తొమ్మిది దేశాలు. ఎనిమిదింట్లో వందలు. దీవిలో అరవై మూడు వేలు.

"ఈ దీవి జనాభా ఎంత?" అన్నారు మంత్రిగారు హఠాత్తుగా.

జనాభా సంగతి ప్రెస్‌నోట్ చూసుకోలేదని కాదు. నిన్న సాయంత్రమే చూసుకున్నాడు. చూసుకున్నప్పటినుంచి అన్నం సయించలేదు.

"పద్దెనిమిది వందలు సార్."

మంత్రిగారు కాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నారు. అంకెలు నొక్కారు. తెరవైపు చూశారు. మళ్ళీ నొక్కారు. ప్రెస్‌నోట్ మనసులో రాజీనామా లేఖ మొదటి వాక్యం కూర్చుకున్నాడు. బాగానే వచ్చింది.

మంత్రిగారు తలెత్తారు. కళ్ళలో నీళ్ళు.

"ఒక్కో పౌరుడు నన్ను ముప్ఫై అయిదు సార్లు చూశాడయ్యా! మా సొంత తమ్ముడు ఒక్కసారి చూడలేదు."

ఆ సాయంత్రమే విలేఖరుల సమావేశం. పాతకాలపు విలేఖరి ఒకాయన లేచి, "ఆ లెక్కలో చంటిపిల్లలు కూడా ఉన్నారా సార్?" అని అడిగాడు.

"వాళ్ళే ఎక్కువ!" అన్నారు మంత్రిగారు.

తర్వాత రెండు ప్రకటనలు చేశారు. ప్రపంచమే మన సంస్కృతి కోసం ఎగబడుతుంటే మనవాళ్ళు పరాయి గోడలు దూకడమేమిటి? కాబట్టి చట్టం వచ్చే సోమవారం ఉదయం ఆరింటినుంచే అమలు. వీపీఎన్ దారులన్నీ మూత. ఇక రెండోది, దీవిలో మన సాంస్కృతిక కేంద్రం.

సమావేశం అవగానే ప్రెస్‌నోట్‌ని లోపలికి పిలిచి పేపర్‌వెయిట్ పక్కకు జరిపారు. క్యాపు చకచకా ఊడింది. సంతకం పడింది.

"పర్మినెంటయ్యావు. పోస్టింగు దీవి. ఐదేళ్ళు. అక్కడి మనుషుల మనసు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఆదివారం విమానం."

కాదనడానికి కారణం ఒక్కటే ఉంది. అది చెబితే ఉద్యోగం ఉండదు.

"ఫైలు కదలాలన్నాను గానీ మిమ్మల్ని కదపమన్నానా?" అంది భార్య, పెట్టెలో చొక్కాలు సర్దుతూ.

ప్రెస్‌నోట్ మాత్రం లోలోపల ఒక్క సంగతికి సంతోషించాడు. పదో భాగం వచ్చే ఆదివారం ఎటూ ఆకాశంలోనే ఉంటాడు. దిగాక దీవి కేటలాగ్‌లో పదో భాగం దీవిలోనే కూర్చుని, ఎవరికీ అబద్ధం చెప్పకుండా చూస్తాడు. జీవితంలో మొదటిసారి చట్టబద్ధంగా. చంపింది పడవవాడే. అత్తయ్యగారికి అక్కణ్ణుంచే ఫోన్ చేసి చెప్పొచ్చు.

*

రెండు విమానాలు, ఒక పడవ. సోమవారం మధ్యాహ్నానికి దిగాడు. సాంస్కృతిక కేంద్రమంటే పోస్టాఫీసు వెనక గది. ఒక బల్ల, ఒక టీవీ, ఒక కుర్చీ. తాళంచెవి పోస్టుమాస్టరమ్మ దగ్గరుంది.

"మీరు ఆయన మనిషా?" అందావిడ.

"ఎవరి మనిషి?"

ఆవిడ టీవీ పెట్టి చూపించింది. మొదటి వరసలో మంత్రిగారు. రెండో వరస 'మీ ప్రాంతంలో నంబర్ వన్', అందులోనూ మంత్రిగారు. 'ఇది చూసినవారు ఇవి కూడా చూశారు' అన్న చోట మంత్రిగారి రెండో భాగం.

"నెలరోజులుగా ఇదే వరస. మా ఊళ్ళో ఒక్కరు చూసిన పాపాన పోలేదు."

"మరి ఆ లైట్‌హౌస్ సీరియల్..." అన్నాడతను.

"తీసేశారు. ఈ ప్రాంతంవాళ్ళ అభిరుచి అది కాదట. కంపెనీ ఉత్తరం రాసింది. తొమ్మిది భాగాలు చూసి పద్దెనిమిది వందల మందిమి నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాం." ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఏదో వేరే దేశం దారిలో వెళ్ళి చూడొచ్చంటున్నారు. పట్నంనుంచి వచ్చారు కదా, మీకేమైనా తెలుసా?"

అతని చేతిలో ప్రభుత్వ లాప్‌టాప్ ఉంది. జేబులో, చట్టానికి కట్టుబడి ఉంటానని సంతకం చేసిన హామీపత్రం నకలు ఉంది.

"తెలియదండీ," అన్నాడు ప్రెస్‌నోట్.

ఆవిడ వెళ్ళిన అయిదు నిమిషాలకు ఆఫీసు ఫోన్ మోగింది.

"ఏమయ్యా!" మంత్రిగారి గొంతు. "నిన్నటిదాకా రోజుకి రెండువేలు. ఇవాళ పొద్దున ఆరింటినుంచి సున్నా. నువ్వు దిగగానే మానేశారేం? వాళ్ళతో ఏమన్నావు?"

"ఏమీ అనలేదు సార్."

"అనాలిగా మరి! శుక్రవారంలోగా లెక్క మామూలుకి రావాలి. పర్మినెంటే గానీ రెండేళ్ళు ప్రొబేషన్ ఉంది, మర్చిపోకు."

ప్రెస్‌నోట్ కుర్చీ టీవీముందుకు జరుపుకున్నాడు. 'ప్రజాపథం' ఒకటో భాగం పెట్టాడు. తెరమీద మంత్రిగారు చిన్నప్పుడు నడిచిన దారిలో ఇప్పుడు మళ్ళీ నడుస్తున్నారు. ప్రెస్‌నోట్ ధ్వని తగ్గించి ఇంటికి ఫోన్ చేశాడు. అత్తగారు తీసింది.

"అత్తయ్యగారూ, పదో భాగం చూశారా?"

"చూడకుండా ఉంటానా? నిన్న మధ్యాహ్నం. దీవి దారిలో తీసేశారుగా, ఇంకో రద్దీ దేశం దారిలో దూరాను. గుండ్రంగా తిరిగీ తిరిగీ చివరికి చూపించింది."

"ఎవరండీ?"

"అబ్బ, అల్లుడుగారూ! మీ పడవవాడూ కాదు, నా డాక్టరూ కాదు. ఆ మనిషి తలుపు తీసుకుని లోపలికొచ్చేసరికి నాకు చెమటలు పట్టాయనుకోండి. ఎవరనుకున్నారు? అసలు మొదటి భాగంలోనే..." ఆవిడ ఆగింది. "ఇది ఆఫీసు ఫోనా?"

"ఆఫీసుదే. ఫరవాలేదు, చెప్పండి."

"వద్దు బాబూ."

"అత్తయ్యగారూ!"

"'చూసినవాడే కాదు, చూసినవాడి నోట కథ విన్నవాడు కూడా శిక్షార్హుడే.' ఎంత బాగా రాశారండీ! పేపర్లోంచి కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను. మీకింకా ప్రొబేషనట కదా. నా నోటితో నా అల్లుడి ఉద్యోగం తీస్తానా? ఒంట్లో బాగుంటోందా? వేళకి తినండి. ఉంటాను."

ఫోన్ పెట్టేసింది.

తెరమీద మొదటి భాగం అయిపోయి, మంత్రిగారు ఒక కాలు గాల్లో ఉండగా ఆగిపోయారు. ఆయన పొట్టమీద అక్షరాలు వెలిగాయి.

ఇంకా చూస్తున్నారా?

ప్రెస్‌నోట్ అలవాటు చొప్పున వెనక్కి తిరిగి సీనియర్ అసిస్టెంటు కోసం చూశాడు. గదిలో ఎవరూ లేరు.

ముందుకు వంగి 'అవును' నొక్కాడు.