గుబురమ్మను నిద్ర లేపిన సభ

ఉత్తరాన, సముద్రాలు దాటి వెళితే, ఏడాదిలో సగం కాలం మంచు కప్పుకుని ఉండే ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ మర్యాదగా బతుకుతుండేవి.

ఆ మర్యాద మొదటినుంచీ ఉన్నది కాదు. తాతల కాలంలో ఒక చలికాలం ఘోరంగా గడిచింది. తినడానికేమీ దొరక్క ఒకరినొకరు తినేశారు. మంచు కరిగాక మిగిలినవాళ్ళు చుట్టూ చూసుకుంటే పలకరించడానికి పొరుగువాళ్ళు లేరు. అందరూ సిగ్గుపడ్డారు, ఏడ్చారు, చివరికి ఒకచోట కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. చలికాలంలో ఎవరూ ఎవరినీ తినకూడదు. ఆకులు రాలే రోజుల్లో ప్రతివాళ్ళూ తమకు దొరికినదాంట్లో కొంత తెచ్చి ఉమ్మడి కొట్టులో వేయాలి. మంచు పడ్డాక ఆకలేసినవాళ్ళు వచ్చి తీసుకోవాలి. అంతే.

కొండ కింద పొడిగా ఉండే గుహే ఆ కొట్టు. ఓక్ చెట్ల గింజలు, ఎండు పళ్ళు, అడవి బాదం కాయలు, ఎండు చేపలు అందులో ఉండేవి. దానికి తలుపు లేదు. పెట్టాలని ఎవరికీ తోచలేదు.

తాతలు పోయారు. తండ్రులూ పోయారు. ఆకలి అంటే భోజనానికి ముందు వచ్చేదనుకునే మనవల కాలం వచ్చింది.

అప్పుడు అడవి సభకు అధ్యక్షుడు శృంగధరుడనే దుప్పి. చూడ్డానికి గొప్పగా ఉండేవాడు. ఏ విషయమైనా రెండు వైపులా తల ఊపేవాడు. ఆ కొమ్ముల బరువుకి తల ఎటు వంగితే అటు అభిప్రాయం ఉండేది.

ఒకరోజు సభలో టకటకయ్య అనే వడ్రంగిపిట్ట లేచాడు.

"అధ్యక్షా! పొద్దున లేచింది మొదలు నా ముక్కు అరిగిపోయేలా చెట్టు కొడతాను. కష్టపడి తెచ్చిన గింజలు కొట్టులో పోస్తాను. అవి తింటున్నదెవరు? అసలు వాళ్ళు పనిచేస్తున్నారా?"

"కాలు విరిగిన చివురమ్మ తింటోంది కదయ్యా," అన్నారెవరో. చివురమ్మ ఒక ఉడత. దేవదారు చెట్టుమీంచి జారిపడి వెనకకాలు విరగ్గొట్టుకుంది.

"విరిగిందని ఆమె అంటోంది. మనం చూశామా?" అన్నాడు టకటకయ్య.

శృంగధరుడి తల అతని వైపు వంగింది. "నిజమే. చూడాలి."

చూడ్డానికి ఒక నిపుణురాలిని పిలిపించారు. ఆమె పేరు విచక్షణ. నక్క. నాలుగు అడవులు తిరిగి పాలన చదువుకుని వచ్చింది. వచ్చీ రాగానే గుహలోకి తొంగి చూసి, ముక్కు మీద వేలేసుకుంది.

"తలుపేదండీ?"

"లేదు."

"తలుపు లేకపోతే ఎవరు అర్హులో ఎలా తెలుస్తుంది?"

"ఆకలేసినవాళ్ళు వస్తారు..." అని నసిగాడు శృంగధరుడు.

"ఆకలి ఎవరికైనా వేస్తుందండీ. దానికి క్రమశిక్షణ లేదు," అంది విచక్షణ.

తలుపు పెట్టారు. తలుపు ముందు విచక్షణ కూర్చుంది. కొత్త నియమాలు చదివింది. ఇకమీదట ఊరికే తినడం కుదరదు. తినాలనుకున్నవాళ్ళు పని వెతుకుతున్నట్టు నిరూపించుకోవాలి, శిక్షణకు రావాలి. శిక్షణకు వచ్చినవాళ్ళకు ఉద్యోగం దొరికేదాకా తిండి ఇస్తారు, శిక్షణ ఇచ్చేవాళ్ళకూ ఇస్తారు. ఎవరికెంత అంటే, శరీరం బరువును బట్టి.

బరువు ముక్క చేర్పించింది శృంగధరుడే. ఆయన సభలోకల్లా బరువైనవాడు. శిక్షకుల్లో మొదటి పేరు కూడా ఆయనదే.

మొదటి పరీక్ష చివురమ్మకు పెట్టారు. ఆమె మంచులో కుంటుకుంటూ వచ్చి నిలబడింది.

"కాలు విరిగిందన్నావు. ఎన్ని కాళ్ళు?" అడిగింది విచక్షణ.

"ఒకటేనండీ. వెనకది."

"అంటే మూడు బాగున్నాయి. ముప్పావు వంతు ఆరోగ్యమే. మరి పని ఎందుకు చేయవు?"

"ఉడతనండీ. చెట్టెక్కితేనే కదా నాకు పని. ఎక్కలేకపోతున్నాను."

"ఎక్కలేకపోతే దిగే పని చూసుకో."

చివురమ్మ ఆ మాట అర్థం చేసుకోవడానికి కాసేపు ప్రయత్నించింది. "ఎక్కకుండా ఎలా దిగనండీ?"

"అదే నేర్పిస్తాం. శిక్షణకు రా."

"ఎక్కడికి రమ్మంటారు?"

"అదిగో, ఆ దేవదారు చెట్టు చిటారు కొమ్మకి."

చివురమ్మ వెళ్ళలేకపోయింది. వెళ్ళనందుకు ఆమె తిండి ఆపేశారు. ఆమె ఎండిన బెరడు నమిలి, మంచు తిని, చెట్టు మొదట్లోని తన తొర్రలో ముడుచుకుని పడుకుంది. సభలో మాత్రం సహాయం తీసుకునేవాళ్ళు తగ్గారని అందరూ సంతోషించారు.

"ఇంకా ఉన్నారండీ," అన్నాడు టకటకయ్య. ఒకరిని పట్టించాక అతనికి హుషారు పెరిగింది. "వాగు పక్క గుహ లేదూ? అది ఉమ్మడి గుహ. అందులో ఆకులు రాలినప్పటినుంచి ఒకావిడ గుర్రుపెట్టి నిద్రపోతోంది. పని లేదు, వెతకడం లేదు, సిగ్గు కూడా లేదు!"

ఆ ఒకావిడ గుబురమ్మ. ఎలుగుబంటి. ఎండాకాలమంతా ఆమెలాగా పనిచేసేవాళ్ళు అడవిలో లేరు. తేనెపట్లు దింపేది, వాగులో చేపలు పట్టేది, కొట్టుకు అందరికన్నా ఎక్కువ తెచ్చేది. చలి మొదలవగానే గుహలోకి వెళ్ళి పడుకునేది. మళ్ళీ వసంతం వస్తేగానీ లేచేది కాదు. కొట్టులోంచి ఇంతవరకూ ఒక్క గింజైనా ముట్టుకుని ఎరగదు.

"నిద్రపోయేవాళ్ళను చూసి మిగతావాళ్ళు పాడైపోతారు," అంది విచక్షణ. "లేపాలి."

ఎవరు లేపాలి అనేసరికి సభలో అందరూ ఆకాశం వైపు చూశారు. ఆఖరికి ముక్కు ఉన్నవాడు గనక టకటకయ్యకే ఆ పని అప్పగించారు. అతను వణుకుతూ వెళ్ళి గుబురమ్మ నుదుటిమీద వాలి, టకటకా కొట్టాడు. విచక్షణ గుమ్మం దగ్గరే నిలబడింది.

గుబురమ్మ ఒక కన్ను తెరిచింది.

"వసంతం వచ్చిందా నాయనా?"

"రాలేదు," అంది విచక్షణ బయటినుంచే. "నువ్వు పని వెతుకుతున్నావా?"

"లేదమ్మా. నిద్రపోతున్నా."

"విన్నారా! తనే ఒప్పుకుంది!"

గుబురమ్మ లేవబోయింది. పొట్ట దగ్గర ఏదో కదిలింది. వంగి చూసింది. బొచ్చులో దూరి రెండు చిన్న పిల్లలు పాలు తాగుతున్నాయి. కళ్ళు కూడా తెరవలేదు.

"అయ్యో నా తల్లులూ! కలనుకున్నానే! మీరు నిజంగానే వచ్చేశారా?" అంటూ వాటిని నాకింది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అంత చలిలోనూ టకటకయ్యకు అక్కడ ఎందుకో వెచ్చగా అనిపించింది.

"కుటుంబం పెరిగితే సభకు చెప్పాలి. చెప్పలేదేం?" అంది విచక్షణ.

"నాకే ఇప్పుడు తెలిసింది తల్లీ."

"సరే. రేపటినుంచి కొట్టు దగ్గరికి శిక్షణకు రా."

గుబురమ్మకు ఎదురు చెప్పడం తెలియదు. పెద్దలు పిలిచారు, వెళ్ళాలి కదా అనుకుంది. మర్నాడు పిల్లల్ని నోట కరుచుకుని, మంచులో దారి చేసుకుంటూ బయల్దేరింది. దారిలో చివురమ్మ తొర్ర దగ్గర మూలుగు వినిపించి ఆగింది. పిల్లల్ని ముందుకాళ్ళ మధ్య మెత్తగా దించి లోపలికి చూసింది.

"ఏమ్మాయ్, ఇలా అయిపోయావేం?"

"మూడు కాళ్ళు బాగున్నాయట పిన్నీ. అందుకని తిండి ఆపేశారు," అంది చివురమ్మ నీరసంగా.

గుబురమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఉడత డొక్కలు ఎండిపోయి ఉండటం కనిపించింది. "నా వీపెక్కు. నాకు పెట్టేదాంట్లో నువ్వూ తిందువుగాని. పిల్లల్ని కాస్త చూస్తూ ఉండు. నాకీ శిక్షణ సంగతి ఏమీ తెలియదు," అంది.

శిక్షణలో శృంగధరుడు ఉపన్యాసం ఇచ్చాడు. ఉద్యమించే జీవికి అడవంతా అవకాశాలే అన్నాడు. గుబురమ్మ శ్రద్ధగా వింది. అయ్యాక, "ఆకలేస్తోందండీ," అంది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. నిద్రపోయే ఎలుగుబంటికి ఆకలి ఉండదు. లేచిన ఎలుగుబంటికి, అందులోనూ పాలిచ్చే తల్లికి, ఆకలి తప్ప ఇంకేమీ ఉండదు. నియమం ప్రకారం ఆమెకు బరువును బట్టి పెట్టారు. శృంగధరుడి వాటా ఆ పక్కన పెడితే పిట్ట తిండిలా కనిపించింది. గుబురమ్మ తింది, చివురమ్మకు పెట్టింది. మిగిలింది గుహకు పట్టుకెళ్ళింది. మర్నాడు మళ్ళీ శిక్షణకు వచ్చింది. ఒక్కరోజు కూడా మానలేదు. అంత నిష్ఠగా వచ్చిన విద్యార్థిని ఇంకొకరు లేరు.

కొట్టులో గుట్టలు తగ్గసాగాయి. చేపల మూల ఖాళీ అయింది. గింజల వెనకాల గోడ కనబడింది.

"ఏం చేద్దామమ్మా?" అన్నాడు శృంగధరుడు బెంగగా.

"ఆమె శిక్షణ పూర్తయిందని ప్రకటిద్దాం," అంది విచక్షణ.

ప్రకటించారు. గుబురమ్మ నమస్కారం పెట్టి, "మరి ఉద్యోగం ఏదండీ?" అంది. మంచులో ఎలుగుబంటికి ఉద్యోగమేముంటుంది? ఉద్యోగం దొరికేదాకా తిండి పెట్టాలని నియమాల్లో ఉంది. వాటిని చదివింది విచక్షణే.

"అయితే మళ్ళీ నిద్రపుచ్చండి!" అని అరిచాడు టకటకయ్య.

అడవి చరిత్రలో ఎన్నడూ జరగని సభ ఆరోజు గుబురమ్మ గుహలో జరిగింది. సభ్యులంతా చుట్టూ కూర్చుని జోల పాడారు. శృంగధరుడి గొంతు బొంగురు. ఆయన జోల మొదలుపెట్టగానే రెండు పిల్లలూ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాయి. టకటకయ్య తాళం వేయబోతే విచక్షణ అతని ముక్కు పట్టుకుంది.

"మీరంతా ఎంత మంచివాళ్ళండీ!" అంది గుబురమ్మ కరిగిపోయి. "నాకూ పడుకోవాలనే ఉంది. కానీ మాకు ఒంటి నిండా కొవ్వు పట్టాకగానీ నిద్ర పట్టదు. నేను దాచుకున్న కొవ్వు కాస్తా ఈ నడకల్లో కరిగిపోయింది."

వేరే దారి లేదు. కొట్టులో మిగిలినదంతా సభ్యులే మోసుకొచ్చి ఆమె ముందు పోశారు. శృంగధరుడు కొమ్ముల మీద మోశాడు. గుబురమ్మ వద్దంటూనే తింది. చివరికి కళ్ళు మూతలు పడుతుండగా చివురమ్మను దగ్గరికి పిలిచింది.

"ఆ మూల ఇంకా కొంచెం ఉందమ్మాయ్. ఎవరైనా వస్తే పెట్టు."

ఆ వెంటనే గుర్రు మొదలైంది. సభ్యులు చప్పుడు చేయకుండా బయటికి వచ్చి, వెళ్ళి కొట్టు చూసుకున్నారు. తలుపు గట్టిగానే ఉంది. లోపల ఏమీ లేదు.

విచక్షణ చివరిసారి సభలో మాట్లాడింది. "మిత్రులారా, ఈ చలికాలం మొదట్లో ఎందరో సహాయం తీసుకునేవారు. ఈరోజు ఒక్కరు కూడా తీసుకోవడం లేదు. ఇంత గొప్ప ఫలితం ఏ అడవిలోనూ రాలేదు." కొందరు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు. ఆమె అదే ఊపులో పొరుగు అడవికి సలహాదారుగా వెళ్ళిపోయింది.

మంచు ఇంకా కరగలేదు. తిండి లేదు. అడవిలో మాటలు తగ్గాయి, చూపులు పెరిగాయి. ఒకనాడు తోడేలు తనను చూసిన చూపుకి టకటకయ్య తాతల కట్టుబాటును మొదటిసారి మనసారా తలుచుకున్నాడు. కట్టుబాటు ఇంకా బతికున్న చోటు ఒక్కటే తోచి అటు ఎగిరాడు. గుబురమ్మ గుహకు.

చివురమ్మ అతన్ని చూసింది. పట్టించింది ఇతనేనని ఆమెకు తెలుసు. అయినా మూలలోకి వెళ్ళి వెతికింది. తర్వాత రెండు గింజలు ముందుకు తోసింది. "మెల్లగా తిను. పిల్లలు పడుకున్నారు."

ఒకరి వెనక ఒకరు వచ్చారు. తోడేలు కూడా వచ్చి ఎండుచేప తోక తీసుకుని, తల దించుకుని వెళ్ళింది. చివురమ్మ కొంచెం కొంచెంగా పెట్టింది. ఎవరి కడుపూ నిండలేదు, ఎవరూ చావలేదు.

అందరికన్నా ఆఖరున శృంగధరుడు వచ్చాడు. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. కొమ్ములు అడ్డొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. వస్తూ దారిపొడవునా జవాబులు తయారు చేసుకున్నాడు, పని ఎక్కడెక్కడ వెతికాడో, ఎందుకు దొరకలేదో.

చివురమ్మ ఓక్ గింజలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తినలేదు.

"నన్నేమీ అడగవా?"

"ఆకలేస్తోందాండీ?"

శృంగధరుడు గింజల వైపు చూశాడు. జవాబులన్నీ మరిచిపోయాడు. "వేస్తోందమ్మా," అన్నాడు.

"మరి తినండి," అని చివురమ్మ లోపలికి కుంటుకుంటూ వెళ్ళింది. పిల్లల్లో ఒకటి కళ్ళు తెరిచినట్టుంది.

నీతి: ఆకలిగా ఉన్నవాణ్ణి పరీక్షించాలని కడుపు నిండినవాడికే తోస్తుంది.