పాపక్క కారుకు తీసిన దిష్టి

ఆ ఉదయం పాపక్క వాకిలి ఊడుస్తూనే దేవనహళ్ళిలో ఉంది. మనసు అక్కడికి వెళ్ళి చాలాసేపయింది; చీపురు పట్టుకున్న చేతులు మాత్రం బెంగళూరు బొమ్మనహళ్ళిలో మిగిలాయి. సందులో నిలిపిన కారు మీద గులాబిరంగు పూలు దుప్పటిలా పరుచుకుని ఉన్నాయి. ఆ కారులో కొడుకు మునీంద్రతో దేవనహళ్ళి వెళ్ళి, ఏడో నెల నిండిన కూతురు శ్రుతిని పురిటికి తీసుకురావాలి. రాహుకాలం రాకముందే శ్రుతి అత్తింటి గడప దాటాలి. లేకపోతే ఈ నెలలో ఇంకో మంచిరోజు లేదని, పురుడు తామే పోస్తామని వియ్యపురాలు కమలమ్మ ముందే చెప్పింది.

మునీంద్ర కారును కాస్త వెనక్కి తీశాడు. రాలిన పూల మధ్య ఎర్రటి మరక.

"అయ్యో, రక్తం! పిల్లి మీద ఎక్కించేసినావేమప్పా?"

"పిల్లి అదో, గోడ మీద ఉండాది చూడమ్మా. ఇది ఆయిలు."

"ఆయిలు నల్లగా ఉంటాది గదా?"

"గేరుబాక్సుది ఎర్రగానే ఉంటాది. ఉండు, స్టాన్లీని పిలుస్తా."

స్టాన్లీ వీధి చివరి షెడ్డులో మెకానిక్కు. ఒంగోలు నుంచి వచ్చినవాడు. చేతిలో స్పానర్ తిరిగే వేగం కంటే నోట్లో మాట తిరిగే వేగం ఎక్కువ. కారు కింద దూరి, నవ్వుతూ బయటికొచ్చాడు.

"గేరుబాక్సు ఆయిలు పైపులో రేడియేటర్ దాకా పోయి, చల్లబడి తిరిగొస్తుందమ్మా. ఆ పైపు జాయింట్ దగ్గర వాషర్ పోయింది. సింపుల్."

"బాగా గట్టిగా బిగించప్పా."

"మరీ బిగిస్తే నట్టు పగిలిపోద్దమ్మా."

పాపక్క చెవిలో 'పగిలిపోద్ది' ఒక్కటే నిలిచింది. స్టాన్లీ కొత్త వాషర్ వేసి, నట్టు బిగించి, తడి తుడిచి, తగ్గిన ఆయిలు పోశాడు. జాయింట్ కింద శుభ్రమైన అట్టముక్క పరిచి ఇంజన్ ఆన్ చేయించాడు. "టీ తాగొస్తా. అట్ట మీద చుక్క పడలేదంటే దేవనహళ్ళేంటి, ఢిల్లీ అయినా పొండి."

ఫోన్ మోగడంతో మునీంద్ర లోపలికి వెళ్ళాడు. పాపక్క కళ్ళ ముందు మాత్రం నడిరోడ్డు మీద నట్టు పగిలింది, నిండుచూలాలు కారు దిగింది, వాన మొదలైంది. ఇక ఆగలేక చెంబులో పసుపు, సున్నం కలిపింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. కారుకు దిష్టి తీసి, బానెట్ ముందు పోసి, ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా ఇంట్లోకి వచ్చేసింది. సందు ఏటవాలుది. ఎర్రనీళ్ళు నిదానంగా, నిద్రలో నడిచినట్టు, అట్టముక్క దాకా వెళ్ళాయి.

స్టాన్లీ వచ్చి చూసి నోరెళ్ళబెట్టాడు. "యేసయ్యా! ఇంత లీకా?" మళ్ళీ విప్పి ఇంకో వాషర్ వేశాడు. కొత్త అట్ట పరిచి, ఈసారి టీకి బదులు కాఫీకి వెళ్ళాడు.

"చూసినావా మునీ, ఎవురి కన్నో చానా గట్టిది" అంటూ పాపక్క ఈసారి బిందె అందుకుంది.

రెండో అట్ట కూడా ఎర్రబడింది. స్టాన్లీ మాటలు తగ్గాయి. ఇంజన్ ఆపించి, మూడోసారి కారు కింద పడుకుని స్పానర్ పెట్టాడు. లోపల మునీంద్ర ఫోన్లో "ఆ అత్తా, బయల్దేరినట్లే" అంటున్నాడు. సరిగ్గా అప్పుడే పాపక్క బకెట్టుతో వచ్చింది. ఇంజన్ చప్పుడు లేదు కాబట్టి మెకానిక్కూ లేడనుకుంది.

కారు కింద నుంచి స్టాన్లీ ఎర్రగా దొర్లుకుంటూ బయటికొచ్చాడు. చొక్కా వాసన చూసుకున్నాడు.

"పసుపు! అమ్మా, ఇందాకట్నుంచి మీరేనా?"

"నేను వెనక్కి చూడలేదు నాయనా, చూడకూడదు గదా!"

మునీంద్ర పరిగెత్తుకొచ్చి, సంగతి తెలిసి గోడకు చేరగిలబడి నవ్వాడు. స్టాన్లీ ఇంకా గట్టిగా నవ్వి, "నా పనిలో తప్పుండదని నాకు ముందే తెలుసు" అంటూ బానెట్ మూసేశాడు.

కారు బయల్దేరింది. టాపు మీది పూలు ఒక్కొక్కటే ఎగిరిపోతున్నాయి. సిగ్నల్ దగ్గర ఒక బైకతను అద్దం తట్టాడు. "మేడం, కింద ఎర్రగా కార్తా ఉండాది!"

"అది నేను పోసిందేలేప్పా" అంది పాపక్క హాయిగా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకు భయం వేయలేదు. సీటుకు తల ఆనించి, పుట్టబోయే బిడ్డకు జోల పాడుతూ కునుకు తీసింది.

హెబ్బాళ్ దగ్గర మెలకువ వచ్చేసరికి ఇంజన్ గోల పెడుతోంది, కారు కదలడం లేదు. మునీంద్ర బానెట్ ఎత్తాడు. స్టాన్లీ సగం విప్పిన నట్టు, నవ్వుల్లో మరిచిపోయిన నట్టు, అలాగే వేలాడుతోంది. గేరుబాక్సు ఆయిలంతా బెంగళూరు దారి పొడుగునా పోయింది.

"రాహుకాలం వచ్చేస్తాదే!" పాపక్క ఫుట్‌పాత్ మీద కూలబడింది. మునీంద్ర చెల్లెలికి ఫోన్ చేశాడు.

కాసేపటికి దేవనహళ్ళి బస్సులోంచి శ్రుతి దిగింది, వెనకే సంచితో కమలమ్మ.

"గడప దాటేదానికే గదా వదినా టైము, ఏ బండయితే ఏమి? దాటించేసినా" అంది కమలమ్మ.

"బాగా భయపడినావా అమ్మా?" శ్రుతి తల్లి నుదురు తుడిచింది.

"లేదే తల్లీ. అదే తప్పయిపోయింది."

మునీంద్రను కారుకు కాపలా ఉంచి, అత్తాకోడళ్ళు చెరో రెక్క పట్టుకుని పాపక్కను బొమ్మనహళ్ళి బస్సెక్కించారు. కండక్టరు శ్రుతిని చూసి, గర్భిణుల సీటు ఖాళీ చేయించాడు.

అందులో పాపక్క కూర్చుంది.